ఇంటి కిరాయి పెంపు మూడు నెలల ముందే, కాగితం మీద చెప్పాలి

హైదరాబాదు నగరంలోని యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, బోరబండ, మోతీనగర్ ప్రాంతాల్లో కిరాయికుంటున్న కుటుంబాల సంఘం సర్వసభ్య సమావేశంలో ఆమోదించిన తీర్మానం. ప్రతిపాదించినవారు సంఘం కార్యదర్శి, బలపరచినవారు మహిళా విభాగం కన్వీనర్. ఒక సవరణతో, ఒక అసమ్మతి నోటుతో మినిట్స్ పుస్తకంలో నమోదు చేయడమైనది.

కిరాయి పెంచడమే తప్పని ఈ సమావేశం అనడం లేదు. ఇల్లు కట్టినవాళ్లకు బ్యాంకు వాయిదాలుంటాయి. బోరు మోటరు కాలిపోతుంది, డాబా కారుతుంది, ఏడాదికోసారి సంపు కడిగించాలి. మా ఓనర్లలో చాలామంది పెద్ద ఆస్తిపరులేమీ కారు. కింద తాము ఉంటూ పైన రెండు పోర్షన్లు కిరాయికిచ్చి, ఆ డబ్బుతోనే నెల గడుపుకునే రిటైరైన ఉద్యోగులున్నారు, ఒంటరి ఆడవాళ్లున్నారు. వాళ్లకూ మాకూ మధ్య ఉన్నది ఒక మెట్ల వరుసే. పండక్కి పిండివంటలు ఆ మెట్ల మీదుగానే పైకీ కిందికీ వెళ్తుంటాయి.

మా బాధ పెంపు వచ్చే తీరు గురించి. అగ్రిమెంటు ఇంకో వారం పది రోజుల్లో ముగుస్తుందనగా, కిరాయి ఇవ్వడానికి వెళ్లినప్పుడు గుమ్మంలో నిలబెట్టి ఒక అంకె చెప్తారు. "వచ్చే నెల నుంచి పద్నాలుగున్నర ఇవ్వండి, కుదరకపోతే ఇంకోటి చూసుకోండి." పదకొండు వేలు ఎందుకు పద్నాలుగున్నర అయిందో చెప్పరు. ఎదురింటి పోర్షన్ అంతకే పోయిందన్నదే లెక్క. పది రోజుల్లో ఇల్లు వెతకడం, కొత్త ఓనరుకు రెండు నెలల అడ్వాన్సు కట్టడం, బ్రోకరుకు ఒక నెల కిరాయి ఇవ్వడం, ట్రాలీ మాట్లాడుకోవడం నెల జీతం మీద బతికేవాళ్లకు సాధ్యం కాదని అడిగేవారికీ తెలుసు. గడువు లేకపోవడమే వాళ్ల బలమని, ఆ గడువు సంపాదించుకోవడమే మన మొదటి పని అని ఈ సమావేశం భావిస్తోంది.

సభలో లేచి మాట్లాడినవాళ్లు చెప్పిన కొన్ని సంగతులు ఇక్కడ రాసిపెడుతున్నాం. పేర్లు రాయలేదు, ఎందుకంటే వాళ్లు ఇంకా ఆ ఇళ్లలోనే, ఆ వీధుల్లోనే ఉంటున్నారు.

బోరబండలో బట్టలు కుట్టే ఒక సభ్యురాలికి పెంపు మాట ఆషాఢం మొదట్లో చెప్పారు. ఆషాఢంలో బోనం ఎత్తుతాం గానీ ఇల్లు మారం. శ్రావణం వచ్చేదాకా ఆగమని అడిగితే, ఆగొచ్చు గానీ ఈ నెల నుంచే కొత్త కిరాయి అన్నారట. ఆమె కట్టింది. శ్రావణం వచ్చేసరికి పిల్లల బళ్లు మొదలై నెలన్నర దాటింది, ఇక కదల్లేదు. శూన్యమాసాన్ని బేరానికి వాడుకోవచ్చని పంచాంగం రాసినవాళ్లు ఊహించి ఉండరు.

కృష్ణానగర్‌లో ఉంటూ సినిమా షూటింగుల్లో లైట్లు మోసే సభ్యుడు పెంపుకు ఒప్పుకోలేదు. "మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, ఖాళీ చెయ్యండి" అన్నారు. ఖాళీ చేశాడు. మూడో వారానికి అదే గేటుకు టు-లెట్ బోర్డు వేలాడింది. అడ్వాన్సులో పెయింటింగు కింద ఒక నెల కిరాయి పట్టుకున్నారు. గోడలకు రంగు మాత్రం వెయ్యలేదు.

మోతీనగర్‌లో ఒక కుటుంబానికి అగ్రిమెంటు జనవరిలో ముగిసింది. పిల్ల పదో తరగతి. పరీక్షలయ్యేదాకా కదలరని అందరికీ తెలుసు, ఓనరుకు ఇంకా బాగా తెలుసు. దీనిమీద సభలో ఎక్కువ చర్చ జరగలేదు. చాలామంది తలూపారు, అంతే.

ఈ పరిస్థితి ఎందుకు వచ్చిందో సభ్యులందరికీ తెలియడం అవసరం గనుక, న్యాయ సలహా ఉపసంఘం వివరించిన విషయాలను ఈ సమావేశం రికార్డు చేస్తోంది.

అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారు? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలలకు వంద రూపాయల బాండు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తారు. ఇందులో ఓనరుకు ఎంత సౌకర్యమో మనకూ అంతేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. లెక్క వేస్తే అలా లేదు. ప్రతి అగ్రిమెంటుకూ ఒక పెంపు అనుకుంటే, పదకొండేళ్లలో పన్నెండు సార్లు పెరుగుతుంది. అగ్రిమెంటులో మామూలుగా కనిపించే 10 శాతం చొప్పున తీసుకున్నా, పది వేల కిరాయి 55 నెలలు తిరిగేసరికి 16,105 రూపాయలవుతుంది.

మనకు చట్టం లేదా అంటే ఉంది. 1954 నాటి హైదరాబాదు చట్టం, ఆంధ్ర ప్రాంతానికి వర్తించిన 1949 నాటి మద్రాసు చట్టం, ఈ రెండింటి స్థానంలో 1960లో భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం వచ్చింది. సరైన కిరాయి ఎంతో రెంట్ కంట్రోలర్ నిర్ణయించవచ్చు. కారణం చూపకుండా ఖాళీ చేయించకూడదు. ఓనరు కిరాయి తీసుకోనంటే ఏ బ్యాంకులో వెయ్యాలో చెప్పమని నోటీసు ఇవ్వొచ్చు, పది రోజుల్లో చెప్పకపోతే మనియార్డరు చెయ్యొచ్చు, అదీ తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర కట్టొచ్చు. కిరాయిదారు మర్యాదను ఇంత దగ్గరగా చూసిన చట్టం చదివి, ఇది మన కోసమేనని సభలో కొందరు సంతోషపడ్డారు.

కానీ ఆ చట్టం ఎవరికి వర్తించదో కూడా అందులోనే ఉంది. మొదట 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్లన్నిటినీ మినహాయించారు. కొత్త ఇళ్లు కట్టేవాళ్లను ప్రోత్సహించడానికి పెట్టిన ఆ మినహాయింపు పాతికేళ్లు అలాగే ఉండిపోయింది. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం జీవో తెచ్చి, కట్టి పదేళ్లు దాటని ఇళ్లనూ, నెలకు వెయ్యి రూపాయలు మించిన కిరాయి ఉన్న ఇళ్లనూ మళ్లీ మినహాయించింది. 2005 సవరణతో ఆ పదేళ్లు పదిహేనేళ్లయ్యాయి, వెయ్యి రూపాయల హద్దు మునిసిపల్ కార్పొరేషన్లలో 3,500 అయింది, మిగతా చోట్ల 2,000. ఆ హద్దు ఇప్పటికీ అంతే. బోరబండలో ఒక్క గది, వంటకు ఒక మూల ఉన్న పోర్షన్ కూడా 3,500కు దొరకదు. అంటే కిరాయి పెరిగినకొద్దీ, కిరాయి పెంపు నుంచి కాపాడే చట్టం మనకు దూరమవుతోంది.

కాబట్టి ఈ సమావేశం తన సభ్యులకు ఒక నిజం దాచకుండా చెప్పదలచుకుంది. అగ్రిమెంటు గడువు ముగిశాక ఓనరు ఎంతైనా అడగవచ్చు. ఇంత శాతమే పెంచాలన్న హద్దు ఏదీ మన ఇళ్లకు లేదు. ఉందని వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజిలను నమ్మి ఎవరూ గొడవకు దిగవద్దు.

అయితే అడగడం వేరు, రాబట్టడం వేరు. గడువులోపల, అగ్రిమెంటులో రాయని పెంపు చెల్లదు. గడువు అయిపోయిన తర్వాత ఓనరు కిరాయి తీసుకుంటూ ఉంటే, అది నెలనెలా సాగే కిరాయిదారీ అవుతుంది. దాన్ని ముగించడానికి, అగ్రిమెంటులో వేరే మాట లేనప్పుడు, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు తర్వాత కూడా మనం ఖాళీ చెయ్యకపోతే ఆయన వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు. తాళం మార్చడం, నీళ్ల వాల్వు కట్టెయ్యడం, సామాన్లు మెట్ల మీద పెట్టించడం చట్టం ఒప్పుకోదు. అలా బలవంతంగా బయటికి గెంటితే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి తిరిగి స్వాధీనం అడగవచ్చు. "అగ్రిమెంటు అయిపోయింది కాబట్టి ఇక మీకు హక్కేం లేదు" అనే మాట సగమే నిజం. మిగతా సగం తెలియకనే మనలో చాలామంది రాత్రికి రాత్రి ఒప్పుకుంటున్నాం.

పై విషయాలన్నీ చర్చించి, ఈ సమావేశం కింది విధంగా తీర్మానిస్తోంది.

1. అగ్రిమెంటు ముగిసే తేదీకి కనీసం మూడు నెలల ముందు, కొత్త కిరాయి ఎంతో, ఏ తేదీ నుంచో కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వాలని ఇంటి ఓనర్లను ఈ సమావేశం కోరుతోంది. వాట్సాప్ మెసేజి పెట్టినా సరే. గుమ్మంలో చెప్పిన మాటను నోటీసుగా మా సభ్యులెవరూ లెక్కలోకి తీసుకోరు. వినయంగా విని, "రాసివ్వండి" అని అడుగుతారు. ఇది మన చేతుల్లో ఉన్న పని గనుక మొదట పెట్టాం.

2. ఇక ముందు రాసుకునే ప్రతి అగ్రిమెంటులోనూ పెంపు శాతం అంకెలో రాయించుకోవాలి. "పరస్పర అంగీకారంతో" అన్న వాక్యం ఒప్పుకోవద్దు. అది ఎవరి అంగీకారమో అందరికీ తెలుసు. అలాగే గడువు ఏప్రిల్ లేదా మే నెలలో ముగిసేలా మొదటి అగ్రిమెంటునే సర్దుకోవాలి. ఎనిమిది నెలలకు రాసుకున్నా నష్టం లేదు. బడి మధ్యలో, ఆషాఢంలో, పుష్యమాసంలో గడువు తీరే అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు సంఘం ఆఫీసులో ఒకసారి చూపించుకోవాలి.

3. కొత్త కిరాయి మీద ఒప్పందం కుదరనంతకాలం పాత కిరాయిని ఒక్క రోజు కూడా ఆలస్యం కాకుండా బ్యాంకు ద్వారా గానీ ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా గానీ పంపాలి. ఓనరు వెనక్కి పంపితే మనియార్డరు చెయ్యాలి. 1960 చట్టం మన ఇంటికి వర్తించకపోయినా, రేపు కోర్టులో మనం ఎగ్గొట్టలేదని చూపడానికి ఆ రశీదే సాక్ష్యం. నగదు ఇవ్వాల్సి వస్తే రశీదు లేకుండా ఇవ్వొద్దు. ఏడాదికి లక్ష రూపాయలు దాటి కిరాయి కట్టే ఉద్యోగులకు ఇంటి కిరాయి మినహాయింపు కోసం ఓనరు పాన్ నంబరు కావాలి. దాన్ని కొత్త అగ్రిమెంటు రాసుకునేటప్పుడే అడిగి తీసుకోవాలి, మార్చి నెలాఖరున కాదు.

4. కిరాయి పెంచకుండానే మెయింటెనెన్సు, నీళ్లు, కరెంటు పేర్లతో దొంగచాటుగా పెంచడాన్ని ఈ సమావేశం ఖండిస్తోంది. ట్యాంకరు నీళ్లకు డబ్బు అడిగితే ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, ఎందరికి పంచారో చూపాలి. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడుకున్న ఇంటికి జీరో బిల్లు వస్తుంది, ఆ పథకం కిరాయిదార్లకూ ఉంది. జీరో బిల్లు వచ్చిన నెలలో కూడా సబ్ మీటరు చూసి యూనిట్‌కు ఇంతని వసూలు చేస్తున్న సంగతి సభలో ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ప్రభుత్వం ఇచ్చింది ఓనరు అమ్ముకోవడం అన్యాయం. ఇంటికి ఒకటే మీటరు ఉండి, రెండు మూడు పోర్షన్లు కలిసి 200 దాటితే ఏం చెయ్యాలన్నది మాత్రం తేలలేదు. ఆ పేచీని వచ్చే సమావేశానికి వాయిదా వేశాం.

5. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు నుంచి పెయింటింగుకు కోత పెడితే, రంగు వేసిన బిల్లు చూపాలి. ఇల్లు చేరిన రోజున గోడల, కుళాయిల, తలుపుల ఫొటోలు తీసి ఓనరుకు పంపడం మన పని. పాలు పొంగించే హడావుడిలో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, సంఘం యువజన విభాగం ఫోన్ చేసి గుర్తుచేస్తుంది.

6. రాష్ట్ర ప్రభుత్వాన్ని ఈ సమావేశం ఇలా కోరుతోంది. 1960 చట్టంలోని 3,500 రూపాయల హద్దును తీసెయ్యాలి, లేదా ధరల సూచీకి ముడిపెట్టి ఏటా దానంతటది మారేలా చెయ్యాలి. అంకెను చట్టంలో పాతిపెట్టి ఇరవయ్యేళ్లు మరిచిపోయే పద్ధతి మళ్లీ వద్దు. ఢిల్లీలో కూడా ఇదే 3,500 హద్దు, అక్కడా ఇదే కథ. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా కిరాయి చట్టంలోని మంచిని తీసుకోవాలి. రాతపూర్వక అగ్రిమెంటు తప్పనిసరి కావడం, దాన్ని రెంట్ అథారిటీకి తెలపడం, ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలలు మించకపోవడం, నీళ్లు కరెంటు ఆపకూడదనడం మనకు కావాలి. అయితే ఆ నమూనాలో కిరాయికి హద్దు లేదు. గడువు దాటి ఉన్న కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలన్న నిబంధన మాత్రం ఉంది. పెంపుకు ముందస్తు నోటీసు తప్పనిసరి చెయ్యకుండా ఆ జరిమానా ఒక్కటి తెస్తే, పది రోజుల ముందు చెప్పే ఓనరు చేతికి ప్రభుత్వమే కర్ర ఇచ్చినట్టు. రెండూ కలిపి తేవాలి, లేదా రెండూ వద్దు.

సవరణ: ఏడాదికి 5 శాతం మించి పెంచరాదని చట్టం చెయ్యాలన్న డిమాండును 6వ అంశంలో చేర్చాలని బోరబండ సభ్యులు ప్రతిపాదించారు. దీనిమీద గంటకు పైగా చర్చ జరిగింది. మహారాష్ట్రలో 1999 చట్టం ఏడాదికి 4 శాతం పెంపును అనుమతిస్తోందని, ఢిల్లీలో మూడేళ్లకు 10 శాతమని, మనకెందుకు కాకూడదని వాళ్ల వాదన. బొంబాయిలో 1940 నాటి కిరాయిల దగ్గరే ఇళ్లను ఆపేసిన 1947 చట్టం ఏమయిందో చూడమని, ఓనర్లు మరమ్మతులు మానేశారని, కిరాయి తక్కువై, ఇల్లు చేరేటప్పుడు లోపాయికారీగా ఇచ్చే పగిడీ ఎక్కువైందని, చివరికి సుప్రీంకోర్టే మాల్పే విశ్వనాథ్ ఆచార్య కేసులో ఆ పద్ధతి అన్యాయమైపోయిందని చెప్పాల్సి వచ్చిందని ఎదుటివాళ్లు అన్నారు. బొంబాయిలో తప్పు హద్దు పెట్టడంలో లేదు, హద్దును కదలనివ్వకపోవడంలో ఉంది అని ఒక పెద్దాయన చెప్పిన మాట సభకు నచ్చింది. ఆ మేరకు, 5 శాతం అన్న అంకె తీసేసి, "ధరల సూచీతో పాటు కదిలే హద్దు" అన్న మాటతో సవరణను చేతులెత్తి ఆమోదించారు.

7. మనవైపు బాధ్యతలు కూడా ఈ తీర్మానంలో భాగమే. ఓనరును మూడు నెలలు అడిగే మనం, ఖాళీ చేసేటప్పుడు మూడు రోజుల ముందు చెప్పడం సరికాదు. కనీసం రెండు నెలల ముందు రాసివ్వాలి. చివరి రెండు నెలల కిరాయి అడ్వాన్సులో తీసుకోండి అని ఎగ్గొట్టే అలవాటు మానాలి. ఓనరుకు చెప్పకుండా ఇల్లు ఇంకొకరికి కిరాయికిచ్చిన సభ్యుడి తరఫున సంఘం మాట్లాడదు. మరో మాట. ఓనరు అడిగిన కిరాయి వీధిలో నడుస్తున్న రేటే అయితే, అది ఎక్కువని సంఘం వాదించదు, గడువు కోసం మాత్రమే మాట్లాడుతుంది. వీధి రేటు తెలుసుకోవడానికి ప్రతి బస్తీలో ఇద్దరు సభ్యులు టు-లెట్ బోర్డుల నంబర్లకు ఫోన్ చేసి, గదుల సంఖ్య, అంతస్తు, నీళ్ల వసతితో సహా ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఓనరు పేరు రాయొద్దు.

అసమ్మతి నోటు: 1వ అంశంలో "కోరుతోంది" అన్న మాట బలహీనంగా ఉందని, "డిమాండు చేస్తోంది" అని ఉండాలని కృష్ణానగర్ నుంచి వచ్చిన ముగ్గురు సభ్యులు పట్టుబట్టారు. రేపు అదే మెట్లు ఎక్కి కిరాయి ఇవ్వాల్సింది మనమేనని అధ్యక్షులు అన్నారు. ఒప్పుకోని ఆ ముగ్గురి అభిప్రాయం వారి కోరిక మీద ఇక్కడ నమోదు చేయడమైనది.

ఈ తీర్మానం ప్రతులను రాష్ట్ర పురపాలక, గృహనిర్మాణ శాఖలకు, స్థానిక శాసనసభ్యునికి, కార్పొరేటరుకు స్పీడ్ పోస్టులో పంపాలని, ఓనర్లకు సభ్యులు స్వయంగా ఇవ్వాలని నిర్ణయించడమైనది. ఇచ్చేటప్పుడు వెంట కనీసం ఒక పొరుగు కుటుంబం ఉండాలి. కిరాయి పెంపు నోటీసు, ఖాళీ నోటీసు, కిరాయి రశీదు నమూనాలను తెలుగు, ఉర్దూ భాషల్లో అచ్చువేయించే ఖర్చును సంఘం నిధి నుంచి ఇవ్వడానికి కోశాధికారికి అనుమతి ఇవ్వడమైనది. ఉర్దూ ప్రతిని యూసుఫ్‌గూడ సభ్యులు చూసి సరిదిద్దిన తర్వాతే ప్రెస్సుకు పంపాలి.